నర్సింహమ్మ బిందె, బాలప్ప రైలు

బీరంగూడ
12 జూన్ 2024

సునందక్కకు,

తమ్ముడు బాలప్ప నమస్కారాలు. ఇక్కడ నేనూ కౌసల్యా బాగున్నాం. కాజీపేటలో నువ్వూ నా మేనకోడలు అనూహ్యా బాగున్నారనుకుంటాను.

ఫోన్లుండగా ఉత్తరం ఏమిటని నవ్వుకోకు. ముప్పై మూడేళ్లు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ప్రెస్సుల చప్పుడు మధ్య నిలబడ్డ చెవులు నావి. మొన్న నువ్వు ఫోన్లో "తిన్నవా?" అంటే నేను "శుక్రవారం" అన్నానట. కౌసల్య ఇంకా నవ్వుతూనే ఉంది. పోనీ మెసేజీ కొడదామంటే, ఆకురాయి పట్టీ పట్టీ వేళ్లు కాయలు కాశాయి. ఫోన్ అద్దం నా వేలిని వేలుగా ఒప్పుకోవడం లేదు. కాగితానికి ఆ పట్టింపులు లేవు.

సంగారెడ్డిలో నీ ఇల్లు భద్రంగా ఉంది. ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లి తాళం తీసి, కిటికీలు తెరిచి, కరివేపాకు చెట్టుకు నీళ్లు పోసి వస్తున్నాను.

ఇక అసలు సంగతి. నేను ఇత్తడితో రైలింజన్ చేస్తున్నాను. డబ్బాలో వచ్చిన ముక్కలు అతికించే బొమ్మ కాదు. ప్రతి ముక్కా రేకు మీద గీసుకుని, సన్న రంపంతో కోసి, ఆకురాయితో రాసి, టంకం పెట్టి అతికిస్తున్నాను. చక్రాలు అయ్యాయి. బాయిలర్ అయింది. మా వీధి చివర రామలింగేశ్వరరావు గారని డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నారు. డ్రాయింగ్ ఆయనదే. రోజూ సాయంత్రం వచ్చి రివిట్లు లెక్కపెట్టిపోతారు. పోయినవారం ఒకటి తక్కువైందని టీ కూడా తాగకుండా లేచిపోయారు.

ఇప్పుడు ఇంజన్ వెనక ఉండే నీళ్ల డబ్బా చేయాలి. నీకు గుర్తుందా? డెబ్బై రెండు కరువులో, జహీరాబాద్ స్టేషన్ పక్క గుడిసెలో మనం ఉన్నప్పుడు, అమ్మ బిందె పట్టుకుని పట్టాల పక్కన నిలబడేది. డ్రైవర్ ఆ డబ్బాలోంచి బిందె నింపేవాడు. నీళ్ల మీద బొగ్గుపొడి తేలేది. నువ్వు గుడ్డ కట్టి వడగట్టేదానివి. ఆ ఇంజనే అక్కా నేను చేస్తున్నది. అప్పటినుంచీ మనసులో ఉంది, ఇప్పటికి తీరిక దొరికింది.

డబ్బాకు మంచి ఇత్తడి కావాలి. బజార్లో దొరికే రేకు వంచితే చిట్లుతోంది. పాత బిందెల ఇత్తడి కాల్చి చల్లారిస్తే చెప్పినట్టు వింటుంది. మీ అటక మీద ఏమైనా ఉంటే తీసుకోనా?

నీ మాట కోసం రంపం పక్కనపెట్టి కూర్చున్న
బాలప్ప


కాజీపేట
21 జూన్ 2024

తమ్ముడు బాలప్పను అక్క సునంద దీవించి రాసేది,

నీ ఉత్తరం అనూహ్యే చదివి వినిపించింది. "మామ మాట్లాడుడు ఒక తీరు, రాసుడు ఒక తీరు. రాస్తే పంతులు లెక్కనే ఉంటడు గదా!" అని ఒకటే నవ్వు. అది మామ గొప్పతనం కాదే, మా ఇద్దరికీ బడిలో పడ్డ బెత్తం దెబ్బల గొప్పతనం అన్నాను.

అసలు ఇంజన్ ఎక్కే పిల్ల ఇక్కడుంది. గూడ్సు బండి మీద డ్యూటీ చేసి మొహమంతా దుమ్ముతో వస్తుంది. నువ్వేమో అక్కడ జానెడు ఇంజన్‌కు రివిట్లు లెక్కపెడుతున్నావు. ఇద్దరికీ పిచ్చి ఒక్కటే, కొలతే వేరు.

నీకో శుభవార్త. అనూహ్యకు హైదరాబాద్ వైపు బదిలీ ఖాయమైంది. అమీన్‌పూర్‌లో చెరువు కనిపించేలా తీసుకున్న ఫ్లాట్ కూడా దసరాకల్లా చేతికొస్తుందట. కార్తీకంలో గృహప్రవేశం. మన వంశంలో ఆడపిల్ల తన సంపాదనతో తన పేరు మీద ఇల్లు కొనడం ఇదే మొదలు. నాకు రోజూ నిద్ర లేవగానే అదే గుర్తొచ్చి నవ్వొస్తోంది.

ఆ రోజు అమ్మ బిందెలో నీళ్లు ముందు గడప దాటాలి. దాని వెనకే అనూహ్య కాలు పెట్టాలి. ఇది నేను మొక్కుకున్న మాట.

అటక మీద రెండు బిందెలున్నాయి. ఒకటి మా అత్త మల్లవ్వది. దాన్ని తీసుకో. బతికినన్నాళ్లూ ఆ బిందెతో నా నడుము విరిచింది. అది ముక్కలై రైలెక్కిపోతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. రెండోది అమ్మది. పేరు చూసి పక్కన పెట్టు. దాన్ని మాత్రం ముట్టకు.

మరదలిని అడిగినట్టు చెప్పు.

మీ అక్క
సునంద


బీరంగూడ
8 జూలై 2024

అక్కా,

ఇంటి పేరు నిలబెట్టిన నా మేనకోడలికి ముందు నా తరఫున ఒక లడ్డూ తినిపించు. రామలింగేశ్వరరావు గారికి చెబితే, "ఇంజన్ నడిపే అమ్మాయి మేనమామ ఇంజన్ తప్పుగా చేస్తే పరువు పోతుందండీ" అని ఇంకో పదకొండు రివిట్లు పెంచారు.

బిందె తెచ్చాను. అటక మీద రెండూ మసిబారి ఒకేలా ఉన్నాయి. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగాయేమో, బొడ్డు చుట్టూ మసి బంకలా అంటుకుంది. అయినా నాకు ఇబ్బంది కాలేదు. అమ్మ బిందె మెడ మీద పేరుంటుంది కదా. చిన్నప్పుడు ఆ చుక్కల మీద వేలు నడిపించే నేను అక్షరాలు నేర్చుకున్నాను. రెండు మెడలూ తడిమాను. ఒకదానికి చుక్కలు తగిలాయి. ఫోన్‌కు పనికిరాని వేలు అక్కడ పనికొచ్చింది. దాన్ని నీ పాత చీరలో చుట్టి బీరువా పక్కన పెట్టాను. మెడ నున్నగా ఉన్నదాన్ని తెచ్చుకున్నాను.

మెడా అడుగూ తీసేసి, నడుము చీల్చి, ఎర్రగా కాల్చి, చెక్క సుత్తితో చదును చేశాను. డబ్బా అడుగుకూ పక్కలకూ ముక్కలు కోశాను. మసి ఇంకా పోలేదు. అన్నీ కోశాక ఒకేసారి చింతపండు నీళ్లలో నానబెడతాను.

ఒక వింత చెప్పాలి. ఆ రేకును మైక్రోమీటరుతో ముప్పై చోట్ల కొలిచాను. ముప్పై చోట్లా ఒకే మందం! సుత్తితో కొట్టిన పాత బిందెలో ఒకచోట మందం, ఒకచోట పలచన ఉండాలి. మీ అత్త బిందె కొట్టిన కంచరి ఎవరో కానీ మిషన్ లాంటి చెయ్యి. ఈ టంకం పని తెమిలాక ఒక ఆదివారం అమ్మ బిందెను కూడా కొలిచి చూస్తాను. ఆ కాలం వాళ్లందరి పనీ ఇట్లాగే ఉండేదా అని నాకు తెలుసుకోవాలనుంది.

ఉంటాను. టంకం పొయ్యి వేడెక్కింది.

బాలప్ప


కాజీపేట
17 జూలై 2024

బాలప్పా,

నువ్వు అమ్మ బిందెను కొలవడమేమిటి? అమ్మ వస్తువును ఎవరైనా మిల్లీమీటర్లలో చూస్తారా? నీకు అదొక అలవాటైపోయింది. పెళ్లిచూపుల్లో కౌసల్య ఇచ్చిన టీ గ్లాసును కూడా తిప్పి తిప్పి చూసి, "అంచు గుండ్రం లేదు" అన్నవాడివి నువ్వు.

చీరలో చుట్టానన్నావు. మంచిది. ఆ చీర విప్పకు. మైక్రోమీటరు సంగారెడ్డికి తీసుకుపోకు. అంత కొలవాలనుంటే కరివేపాకు చెట్టును కొలువు, ఎంత పెరిగిందో రాయి.

ముహూర్తం పెట్టించాం. నవంబరు 13, బుధవారం, ఉదయం ఆరున్నర. బిందె నువ్వే తీసుకురావాలి. ముందురోజు నేనే కడుగుతాను. నువ్వు కడగొద్దు, కౌసల్య కూడా కడగొద్దు. చీరతో సహా నా చేతికివ్వండి చాలు.

అనూహ్య నీ ఇంజన్ ఫోటో అడుగుతోంది. బ్రేకు ఎక్కడ పెట్టావని దాని అనుమానం.

చీర విప్పకు. రెండోసారి చెబుతున్నాను.

అక్క


బీరంగూడ
22 జూలై 2024

అక్కా,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు ముక్కలన్నీ చింతపండు నీళ్లలో వేశాను. గంట తర్వాత డబ్బా అడుగుముక్క తీసి తోముతుంటే వరసగా చుక్కలు కనిపించాయి. నేను కొట్టిన రివిట్లేమో అనుకున్నాను. అప్పటికే వచ్చి కూర్చున్న రామలింగేశ్వరరావు గారు వంగి చూసి, "ఇవి డ్రాయింగులో లేవండీ" అన్నారు. ఇంకాస్త తోమాను. చుక్కలు అక్షరాలయ్యాయి. నర్సింహమ్మ.

అప్పుడే బస్సెక్కి సంగారెడ్డి పోయి, చీర విప్పి, మెడ కడిగాను. మల్లవ్వ అని ఉంది.

ఇగ ఏం దాస్త అక్కా. అమ్మ బిందెను నా చేతులతోని నేనే కోసిన. మెడ మూడుసార్లు తడిమి చూసిన. నా యాదిల పేరు మెడ మీదనే ఉన్నది. చెవులు పోయినయంటే సరే అనుకున్న, యాది గూడ పోతున్నదా? అమ్మ పోయినంక ఆ బిందె నాకు కావాలని ఎంతో ఉండె. అయినా నీకిస్తేనే భద్రంగ ఉంటదని ఇచ్చిన. నువ్వు ఇన్నేండ్లు కాపాడితివి. నేను ఒక్క దినంల ముక్కలు చేసిన.

(ఈ ఉత్తరం పోస్టు చేయలేదు.)


బీరంగూడ
24 జూలై 2024

అక్కా,

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. కౌసల్యకు జలుబు చేసింది. కరివేపాకు చెట్టు నా భుజం దాకా వచ్చింది.

బ్రేకు పెట్టానని అనూహ్యకు చెప్పు. చిన్నదే కానీ పనిచేస్తుంది.

ఒక ఆలోచన వచ్చింది, కోప్పడకు. కొత్త ఫ్లాటు, లిఫ్టు, నున్నటి టైల్సు. అక్కడికి మసిపట్టిన పాత బిందె బాగుంటుందా? ఈ రోజుల్లో అందరూ పాత బిందెను సామాన్ల దుకాణంలో ఇచ్చేసి, తూకానికి తూకం కొత్తది తెచ్చుకుంటున్నారు. దాని మీద అమ్మ పేరు కొట్టిస్తే సరిపోతుంది కదా. పేరు ముఖ్యం కానీ బిందెదేముంది. ఎవరికి తెలుస్తుంది?

ఊరికే అన్నాను. ఆలోచించు.

బాలప్ప


కాజీపేట
6 ఆగస్టు 2024

బాలప్పా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

"తూకానికి తూకం" అట. "పేరు కొట్టిస్తే సరిపోతుంది" అట. "ఎవరికి తెలుస్తుంది" అట. నువ్వు అమాయకుడివని అనుకునేదాన్ని. ఇంత సన్నగా గుచ్చడం ఎక్కడ నేర్చుకున్నావు? చెప్పదలచుకున్నది మొహం మీద చెప్పు. ఎవరో నీకు ఏదో చెప్పినట్టున్నారు, లేకపోతే ఆ దిక్కుమాలిన మైక్రోమీటరు చెప్పింది.

కౌసల్యకు ఫోన్ చేసి బిందె అంటే అది కుక్కరు అంటుంది. చీర అంటే చీమలు అంటుంది. దానికి చెవులు బాగానే ఉన్నాయి కదా! మీ ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా?

అనూహ్యకు ఈ ఉత్తరం చూపించలేదు, దానికి ఇవేవీ తెలియవు. పాపం, అమ్మమ్మ బిందె పెట్టడానికి వంటింట్లో ప్రత్యేకంగా ఒక అర కూడా చెప్పి చేయించుకుంది.

నువ్వు సూటిగా రాసేదాకా నేను రాయను.

సునంద


బీరంగూడ
17 సెప్టెంబరు 2024

అక్కకు,

నలభై రోజులు నీ ఉత్తరం లేదు. ప్రతిరోజూ పోస్టుమాన్ వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడుతున్నాను. పంతం పట్టావు, పట్టాలి కూడా. తప్పు నాది.

ఈరోజు విశ్వకర్మ పూజ. మా ఫ్యాక్టరీలో బీహార్ నుంచి వచ్చిన పిల్లలు మొదలుపెట్టింది, ఇప్పుడు పటాన్‌చెరు అంతా చేస్తారు. నన్ను కూడా పిలిచి శాలువా కప్పారు. ఇంటికొచ్చి నా రంపానికీ ఆకురాళ్లకూ బొట్టు పెట్టాను. ఈ రోజు పనిముట్లు ముట్టకూడదు. ఇన్నాళ్లూ నీకు రాయాలనిపించినప్పుడల్లా ఆకురాయి పట్టుకుని ఏదో ముక్క రాసుకుంటూ తప్పించుకున్నాను. ఈ రోజు చేతులకు పని లేదు. ఎటూ తప్పించుకోలేను.

జూలైలో రాసి దాచిన ఉత్తరం దీంతో జతచేస్తున్నాను. ముందు అది చదువు. ఉన్నదంతా అందులో ఉంది. నీకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. కౌసల్య మాత్రం చెప్పలేదు. "నోట్ల మాట ఆగుతలేదు, మీ అక్కను ఫోన్ జేయద్దనుండ్రి" అని నన్నే వేడుకుంది.

అమ్మ బిందెతోనే నీళ్ల డబ్బా పూర్తయింది. పేరున్న ముక్క దాని అడుగున, లోపలి వైపు ఉంది. ఒక్క చుక్క కూడా చెరగలేదు. దాన్ని మళ్లీ బిందెగా మార్చడం నా వల్ల కాదు, ఎవరివల్లా కాదు. పని పాడుచేస్తే సూపర్‌వైజర్ ముందు ముక్క చేత్తో పట్టుకుని నిలబడాలని ఫ్యాక్టరీలో మొదటిరోజు నేర్పారు. అట్లా నిలబడ్డాను అక్కా. గృహప్రవేశానికి రావద్దంటే రాను. రమ్మంటే వెనక వరసలో కూర్చుంటాను.

క్షమించమని అడిగే ధైర్యం చాలని
బాలప్ప


కాజీపేట
26 సెప్టెంబరు 2024

నా పిచ్చి తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఎంతసేపు నవ్వానో, ఎంతసేపు ఏడ్చానో చెప్పలేను. అనూహ్య డ్యూటీ నుంచి వచ్చి చూసి భయపడి, "ఏమైందే అమ్మా, మామకు ఏమన్న అయిందా?" అంది. మామకు కాదు, మా ఇద్దరి బుద్ధికి అయింది అన్నాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. నీ యాది ఎక్కడికీ పోలేదు. అమ్మ బిందె మీద పేరు మెడ మీదే ఉండేది.

అమ్మ పోయిన రెండో ఏడాది ఆ బిందె అడుగున కారడం మొదలైంది. మాట్లు వేయించాను. మళ్లీ కారింది. మా అత్త మల్లవ్వ రోజూ, "కారే బిందె ఇంట్ల దరిద్రం" అని సణిగేది. ఒకరోజు విసుగొచ్చి బజారుకు తీసుకుపోయి, సామాన్ల రాంచందర్ సేటు దుకాణంలో ఇచ్చేశాను. ఆయన తూకం వేసి కొత్త బిందె చేతిలో పెట్టాడు. దుకాణం మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు. వెనక్కి పోయి అడిగితే, "పాతది లోడులో వేసి పంపినం అమ్మా. ఏడ్వకు, దీని మీద మీ అమ్మ పేరు కొట్టిస్త" అన్నాడు. పేర్లు కొట్టే మనిషి అక్కడే కూర్చుని, మెడ దగ్గర చోటు చాలదని బొడ్డు మీద కొట్టాడు.

నువ్వు కావాలనుకున్న బిందెను నాకిచ్చి, భద్రంగా ఉంచమన్నావు. పోగొట్టానని ఏ మొహంతో చెప్పను? ఇరవై ఆరేళ్లు దాచాను. ముప్పై చోట్లా ఒకే మందం అని నువ్వు రాసినప్పుడు నవ్వుకున్నాను. అమ్మ బిందెను కొలుస్తానని రాసేసరికి భయం పట్టుకుంది. కొలిస్తే మిషన్ రేకని తెలిసిపోతుందని చీర విప్పవద్దన్నాను. ఆపైన తూకానికి తూకం అని రాశావు. నా దొంగతనం నీకు తెలిసిపోయింది, వాతలు పెడుతున్నావు అనుకున్నాను.

పేరు మెడ మీద లేకపోవడం నా తప్పు. అందుకే నువ్వు పొరబడ్డావు. నువ్వు కోసింది అమ్మ బిందెను కాదు, నా అబద్ధాన్ని. కానీ ఆ అబద్ధంతోనే ఇరవై ఏళ్లపైన నీళ్లు కాచాను, అనూహ్యకు స్నానాలు చేయించాను. అది కూడా పోయిందని తెలిశాక చెయ్యి తెగినట్టే ఉంది. అది కూడా దాచను.

ఇప్పుడు అమ్మ బిందె మన ఇద్దరి దగ్గరా లేదు. నా మొక్కు సంగతేమిటో నువ్వే చెప్పు.

నీ అక్క
సునంద


బీరంగూడ
14 అక్టోబరు 2024

అక్కా,

దసరా రోజు జమ్మి ఆకు నీ ఇంటి గడపలో పెట్టి, నీకు బదులుగా తలుపుకు దండం పెట్టి వచ్చాను.

నీ ఉత్తరం నేనూ కౌసల్యా నాలుగుసార్లు చదివాం. మొదటిసారి నాకు నవ్వు రాలేదు. అమ్మ బిందె ఇరవై ఆరేళ్ల కిందటే పోయిందా అని కోపం వచ్చింది. తర్వాత నువ్వు ఆ మెట్ల మీద ఒక్కదానివే ఏడుస్తూ నిలబడడం కళ్లముందు కనిపించింది. కోపం దిగిపోయింది. ఆ రోజు నేను వెంట ఉండాల్సింది.

ఒకటి చెప్పనా? ఇత్తడి ఎక్కడికీ పోదు. పాత సామానంతా కరిగించి మళ్లీ రేకులూ కడ్డీలూ చేస్తారు. నేను చక్రాలకు కొన్న కడ్డీలో అమ్మ బిందె గోరంతైనా ఉండదని ఎవరు చెప్పగలరు?

మొక్కు సంగతి ఆలోచించాను. అమ్మ బిందెలోకి నీళ్లు ఎక్కడినుంచి వచ్చేవి? రైలు నీళ్ల డబ్బాలోంచి. ఇప్పుడు బిందే డబ్బా అయింది. గ్లాసున్నర నీళ్లు పడతాయి. నువ్వు సరేనంటే ఆ నీళ్లే ముందు గడప దాటుతాయి. రెండు రోజులు పేపరు మీద నింపిపెట్టి చూశాను. పేపరు తడవలేదు. కారే బిందె అని ఏ అత్తా సణగదు.

ఆ నీళ్లు మాత్రం ఎవరూ తాగకండి, టంకంలో సీసం ఉంది. నీ కరివేపాకు చెట్టు పిలక ఒకటి కుండీలో పెట్టాను. దానికి పోద్దాం.

వద్దంటే చెప్పు, బాధపడను. సరేనంటే ఒక్క ముక్క రాయి, గడపకు రెండు వైపులా పట్టాలు చేయాలి. టైం తక్కువుంది.

బాలప్ప


కాజీపేట
21 అక్టోబరు 2024

పట్టాలు చెయ్. జల్దీ చెయ్.

అక్క


అమీన్‌పూర్
17 నవంబరు 2024

తమ్ముడికి,

పది నిమిషాల దూరంలో ఉండి ఉత్తరమేమిటని అనుకోకు. ఆ రోజు గృహప్రవేశంలో అందరూ ఏమేం అన్నారో నీకు వినిపించలేదు. నువ్వు గడప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "ఏమంటున్నరు? ఏమంటున్నరు?" అని అందరి మొహాలూ చూశావు. నేను ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాను. ఏం లేదు కాదు. ఒక్కొక్కటే రాస్తాను.

బిందె ఏదని పంతులు అడిగాడు. ఇంజన్ చూపించి భయపడుతూ నిలబడ్డాను. ఆయన వంగి డబ్బాను చూసి, "నీళ్లు ముందు పోవాలన్నరు గాని, ఏ బండెక్కి పోవాల్నో ఎవరు చెప్పలే. కానియ్యిండ్రి" అన్నాడు.

రామలింగేశ్వరరావు గారు అప్పుడే రివిట్లు లెక్కపెట్టడం ముగించి, "అన్నీ ఉన్నాయి" అని గట్టిగా ప్రకటించారు. ఆ తర్వాత మూత తీసి నీళ్లలోకి చూశారు. అమ్మ పేరు చూసి, "ఇవి నా డ్రాయింగులో లేవండీ. ఉండాల్సింది" అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

కౌసల్య నా చెవిలో, "ముప్పై మూడేండ్లు మిషన్లు నడిపిండు వదినా, ఇంటికి తెచ్చింది చెవుడొక్కటే. ఇయ్యాల గిది తెచ్చిండు. ఇగ నాకేం లోటు లేదు" అంది. నీకు చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. చెప్పలేదు, రాశాను.

అనూహ్య వేలితో ఇంజన్‌ను తోసే ముందు కూ అని కూత పెట్టింది చూశావు కదా, అందరూ నవ్వారు. కూతకు ముందు అన్నది మాత్రం నాకొక్కదానికే వినిపించింది. "అమ్మమ్మా, సిగ్నల్ ఇచ్చిండ్రు. పోదామా?"

బండి గడప ఎక్కి దిగేటప్పుడు నీళ్లు కొంచెం ఊగాయి, ఒలకలేదు. నీ చెయ్యి కింద పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆ చేతిని చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంజన్ ఇప్పుడు వంటింట్లో బిందె కోసం చేయించిన అరలోనే ఉంది. కొలిచి చేయించినట్టు సరిపోయింది. కరివేపాకు పిలక చిగురేసింది. మల్లవ్వత్త బిందె ఇంకా చీరలోనే ఉంది. ఆమె ఒక్కతే సంగారెడ్డిలో ఉండిపోతే ఊరుకునే మనిషి కాదు, రెండో బండి సంగతి ఆలోచించు. ఈసారి పేరు కడిగి చూసి కొయ్యి.

చివరిది నేను అన్న మాట. బండి లోపలికి పోయాక అందరూ దాని వెంట నడిచారు. నువ్వు పట్టాలు తీసుకుని వంటింట్లోకి వచ్చావు. నేను ఇంజన్‌ను అరలో పెట్టి మూత తీశాను. నీళ్లు నిలకడకు వచ్చాయి. అడుగున ఒక్కో అక్షరం కనిపించింది. అప్పుడు గట్టిగానే అన్నాను, నువ్వు నా వెనకే ఉన్నా నీకు వినిపించలేదు:

"అమ్మా, తమ్ముడు తోల్కొచ్చిండు నిన్ను. ఇల్లు సూడు, మన పిల్లది."

మీ అక్క
సునంద